మెరీనా నడపాలంటే ఇప్పుడు ఏ దారి మేలు: స్లిప్పులా, అద్దె బోట్లా, బోట్ క్లబ్బా?

ఈ మధ్య అట్లాంటా ఉత్తరాన, లేక్ లేనియర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో ఒక కొత్త ఆలోచన కనిపిస్తోంది. మోటళ్ళు, గ్యాస్ స్టేషన్లు ఎప్పుడో కొనేశారు కదా, నలుగురైదుగురం కలిసి ఒక చిన్న మెరీనా (బోట్లు కట్టి ఉంచే రేవు) తీసుకుంటే ఎలా ఉంటుంది అని. అడిగేవాళ్ళందరిదీ దాదాపు ఒకటే భయం: బోట్లు కొన్న తరం ముసలిదైపోతోంది, ఇప్పటి పిల్లలు కారే కొనకుండా ఊబర్‌లో తిరుగుతుంటే బోటు కొంటారా, ఆ స్లిప్పులన్నీ (ఒక్కో బోటు కట్టుకోవడానికి మెరీనా అద్దెకిచ్చే చోట్లు) రేపు ఖాళీ అయిపోవా? దానికి విరుగుడుగా ఒకరు బోట్ క్లబ్ (చందా కట్టి బోట్లు వాడుకునే ఏర్పాటు) పెట్టమంటారు, ఒకరు రెస్టారెంటు కట్టమంటారు, ఇంకొకరు యాప్‌లో పెట్టి అద్దెకిచ్చేస్తే చాలంటారు. అన్నీ ఒకేసారి చేసేంత డబ్బు, స్థలం ఏ మెరీనాకీ ఉండవు కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలొద్దు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పేదంతా లేనియర్ లాంటి మంచినీటి లేక్ మీద, రెండు మూడు వందల స్లిప్పులున్న మెరీనాకి వర్తిస్తుంది. ఫ్లోరిడా సముద్రపు ఒడ్డున లెక్కలు వేరు.

చదివే ఓపిక లేనివాళ్ళకి ముందే తేల్చి చెప్తాను. నిండుగా ఉన్న స్లిప్పుల జోలికి వెళ్ళకండి. మొదటి ఖర్చు బుకింగ్ సదుపాయం మీద, రెండోది సొంత అద్దె బోట్ల మీద పెట్టండి. అవి రెండు సీజన్లు సరిగ్గా నడిచాక క్లబ్ గురించి ఆలోచించండి. డ్రై స్టాక్ (షెడ్డులో అరల్లో బోట్లు పెట్టడం) ఒడ్డున స్థలం ఉంటేనే. రెస్టారెంటు చివర్లో, అది కూడా వేరేవాళ్ళ చేత నడిపించేలా. పక్కవాళ్ళ సొంత బోట్లని యాప్‌లో అద్దెకి తిప్పించడం మాత్రం లేనియర్ లాంటి చోట వద్దే వద్దు.

అసలు మారిందేమిటి

కొత్త తరానికి నీళ్ళంటే ఇష్టం లేదనేది ఒట్టి మాట. కోవిడ్ వచ్చి అందరూ ఇళ్ళలో కూర్చున్న 2020లో అమెరికాలో 3,10,000కు పైగా కొత్త పవర్ బోట్లు అమ్ముడయ్యాయి, 2008 మాంద్యం తర్వాత అంత అమ్మకం మళ్ళీ అప్పుడే. ఆ ఊపు తర్వాత తగ్గడానికి ఇష్టం చచ్చిపోవడం కన్నా వడ్డీ పెరగడమే పెద్ద కారణమని నా లెక్క. 2022 మొదట్లో సున్నాకి దగ్గరగా ఉన్న ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ రేటు 2023 జూలైకి 5.25-5.50 శాతానికి చేరింది. బోటు లోన్లు చాలావరకు పదిహేను ఇరవై ఏళ్ళవి కాబట్టి నెల కిస్తీ ఎంత పెరిగిపోతుందో ఆ రోజుల్లో ఇల్లు కొన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కిస్తీతో అయిపోదు కూడా, ఇన్సూరెన్సు, స్లిప్పు అద్దె, చలికాలానికి ముందు ఇంజన్‌ని వింటరైజ్ చేయించడం (గడ్డకట్టి పాడవకుండా సిద్ధం చేయడం), వసంతంలో మళ్ళీ బ్యాటరీలు మార్చడం, ఇవన్నీ బోటు కదిలినా కదలకపోయినా తప్పని ఖర్చులు.

కానీ నన్నడిగితే డబ్బుకన్నా పెద్ద కొరత శనివారాలది. ముప్పై అయిదు, నలభై ఏళ్ళ తల్లిదండ్రులకి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే వీకెండ్లలో పిల్లల సాకర్ మ్యాచ్‌లు, కూచిపూడి క్లాసులు, వారం మార్చి వారం వచ్చే బర్త్‌డే పార్టీలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని నయాగరా తిప్పుకురావడం పోను, లేక్ మీదికి వెళ్ళడానికి మిగిలేవి నాలుగైదు రోజులు. ఆ నాలుగైదు రోజులకి వాళ్ళు బాగానే ఖర్చుపెడతారు, బేరం కూడా ఆడరు, కానీ పన్నెండు నెలల అద్దె కట్టమంటే మాత్రం నవ్వి వెళ్ళిపోతారు. మెరీనా ఇన్నాళ్ళూ అమ్మింది ఏడాదికి సరిపడా పార్కింగ్. వీళ్ళు కొనడానికి వచ్చింది నీళ్ళ మీద నాలుగు గంటలు. కింద చెప్పబోయే ఎంపికలన్నీ ఈ తేడాని ఎవరు ఎంత రిస్కుతో పూడుస్తారన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి.

బోట్ల రకాలు కూడా మారాయి. తెరచాప పడవలు, సన్నటి క్యాబిన్ క్రూజర్లు ఉన్న రోజుల్లో కట్టిన డాకుల్లో (బోట్లు కట్టే నీటి మీది వేదికలు) ఇప్పుడు ఎనిమిదిన్నర అడుగుల వెడల్పుండే పాంటూన్లు (తేలే గొట్టాల మీద చదునైన డెక్కున్న బోట్లు), వెనక రెండు మూడు అవుట్‌బోర్డ్ ఇంజన్లు వేలాడే బోట్లు, నీళ్ళు నింపుకుని ఉద్దేశపూర్వకంగా పెద్ద అలలు లేపే వేక్ బోట్లు వచ్చి దూరాలి. మెరీనా చూడటానికి వెళ్ళినప్పుడు మొత్తం ఎన్ని స్లిప్పులని కాకుండా, టేపు పట్టుకుని వెడల్పు ఎంత, మెయిన్ ఛానల్ నుంచి వచ్చే అలలకి అడ్డం ఏముంది అని చూడండి.

మూడో మార్పు మనమే. లేనియర్‌ని ఆనుకుని ఉన్న ఫోర్సైత్ కౌంటీలో 2020 జనగణన నాటికి జనాభా రెండున్నర లక్షలు, అందులో దాదాపు ఐదో వంతు ఆసియా మూలాల వాళ్ళు. కమ్మింగ్, సువానీ వైపు ఏ సబ్‌డివిజన్‌కి వెళ్ళినా తెలుగు వినిపిస్తుంది. అయినా చాలా మెరీనాల వెబ్‌సైట్లలో ఇప్పటికీ చేపలు పడుతున్న తెల్లగడ్డం తాతగారి ఫోటోనే. తరాల మార్పు అనగానే అందరూ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ గురించి మాట్లాడతారు గానీ, ఇక్కడ ఎదురుగా ఉన్న మార్పు, డబ్బున్న మార్పు, బోటు ఎప్పుడూ నడపని, ఈత రాని, ముగ్గురు నలుగురు పిల్లలతో గుంపుగా వచ్చే వలస కుటుంబాలు.

స్లిప్పులు: పాతబడ్డాయి గానీ పోలేదు

స్లిప్పు ఖాళీ అయిపోతుందన్న భయం మంచినీటి లేక్ మీద అంత నిజం కాదు. లేనియర్ నీళ్ళు, ఒడ్డు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (క్లుప్తంగా కోర్) అనే ఫెడరల్ సంస్థ చేతిలో ఉంటాయి. 2004 షోర్‌లైన్ ప్లాన్ ప్రకారం మొత్తం లేక్ మీద ప్రైవేటు డాకులు 10,615 మించకూడదు. అంటే ఎంత డబ్బున్నా కొత్త ఇంటి వెనక డాక్ కట్టుకోవడం అందరికీ సాధ్యం కాదు, మెరీనాకి రావాల్సిందే. పెద్ద పెట్టుబడిదారులు దీన్ని ఎప్పుడో పసిగట్టారు. లేనియర్ మీద కూడా మెరీనాలున్న సేఫ్ హార్బర్ అనే సంస్థని సన్ కమ్యూనిటీస్ 2020లో సుమారు 210 కోట్ల డాలర్లకి కొని, మధ్యలో ఇంకొన్ని మెరీనాలు చేర్చి, 2025లో బ్లాక్‌స్టోన్‌కి 565 కోట్ల డాలర్లకి అమ్మింది. చచ్చిపోతున్న వ్యాపారానికి ఎవరూ అంత పెట్టరు.

కాబట్టి ఉన్న స్లిప్పుదారులని గౌరవంగా చూసుకోండి. ఏడాది పొడుగునా, వానొచ్చినా ఎండొచ్చినా అద్దె కట్టేది వాళ్ళే. మార్చాల్సింది షరతులని. ఏడాది లీజు ఒక్కటే కాకుండా ఏప్రిల్-అక్టోబర్ సీజన్ లీజు, నెలవారీ లీజు (రేటు కొంచెం ఎక్కువ పెట్టి) ఇవ్వొచ్చు. బోటు ఫలానా రెండు వారాలు వేరే చోటికి పోతోందంటే ఆ ఖాళీని మీరు రాత్రిపూట ఆగేవాళ్ళకి ఇచ్చి, వచ్చినదాంట్లో సగం ఆ స్లిప్పుదారుడి అద్దెలో తగ్గించొచ్చు. వెయిటింగ్ లిస్టు ఉందని అమ్మేవాళ్ళు గొప్పగా చెప్తారు. అందులో ఎంతమంది డిపాజిట్ కట్టారో అడగండి. ఊరికే పేరు రాసుకున్న లిస్టుకి విలువ లేదు, వాళ్ళలో సగంమంది ఈపాటికి ఇంకో మెరీనాలో ఉంటారు.

అద్దె బోట్లు: నా ఓటు దీనికే

ముందు లెక్క చూద్దాం. ఇవి నేను లెక్క కోసం అనుకున్న అంకెలు, మీవి మీరు వేసుకోండి. ఒక స్లిప్పుని ఏడాదికి 4,000 డాలర్లకి ఇస్తున్నారనుకోండి. అదే స్లిప్పులో 45,000 పెట్టి ఒక పాంటూన్ కొని, రోజుకి 500 చొప్పున సీజన్‌లో 60 రోజులు అద్దెకిచ్చారు: 30,000. ఐదేళ్ళ తర్వాత దాన్ని 10,000కి అమ్మేస్తే ఏడాదికి తరుగు 7,000. ఇన్సూరెన్సు, రిపేర్లు 5,000, మనుషుల జీతాల్లో దాని వాటా 7,000. మిగిలింది 11,000. బాగానే ఉంది కదా, కానీ అదే బోటు 60 బదులు 40 రోజులే తిరిగితే చేతికి వెయ్యి మిగులుతుంది, ఆ లెక్కన స్లిప్పు అద్దెకివ్వడమే నయం. అంటే అద్దె బోట్ల వ్యాపారం మొత్తం శనాదివారాలు కాని రోజుల్లో ఎంత నింపగలరన్న దాని మీదే ఉంది. వీకెండ్‌కి ఎవరైనా నింపుతారు.

అయినా దీనికే ఎందుకు ఓటంటే, ఇక్కడ మెరీనాకి చట్టం ఇచ్చిన గొప్ప వసతి ఒకటుంది. కోర్ నిర్వహించే లేకుల మీద రాతపూర్వకమైన అనుమతి లేకుండా వ్యాపారం చేయడం ఫెడరల్ నిబంధనల్లో (టైటిల్ 36, సెక్షన్ 327.18) నిషిద్ధం. అంటే ఎవరో తన పాంటూన్‌ని ఇంటి డాక్ నుంచి అద్దెకి తిప్పడానికి వీల్లేదు, లీజులో అద్దెలకి అనుమతి ఉన్న మెరీనాకే ఆ హక్కు. పోటీ ఇంత తక్కువగా ఉన్న చోటుని వదులుకోవడం తెలివితక్కువ.

కొత్త కస్టమర్ల గురించి మాట్లాడుకుంటే, మన కుటుంబాల సంగతే తీసుకుందాం. ఒక వాట్సాప్ గ్రూపులో అనుకుంటారు, మూడు కుటుంబాలు అనుకున్నది ఐదవుతుంది, పొద్దున పదింటికి బోటు అంటే పదకొండుకి చేరతారు, అల్యూమినియం ట్రేల్లో పులిహోర, బిర్యానీ, కూలర్లు, చంటిపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ. పన్నెండుమందికి రాసున్న బోటు దగ్గర పదహారుమంది నిలబడతారు. "చిన్నపిల్లలే కదండీ, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం" అంటారు. అక్కడ కౌంటర్‌లో ఉన్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి చుక్కలు కనిపిస్తాయి. దీన్ని డాక్ మీద తేల్చాలనుకుంటే గొడవే, బుకింగ్‌లోనే తేల్చాలి: చంటిబిడ్డతో సహా ఎంతమంది, ఒక్కొక్కరి వయసు ఎంత, పరిమితి దాటితే అక్కడికక్కడే రెండో బోటు తగ్గింపు ధరకి చూపించాలి. పక్కపక్కనే రెండు బోట్లు ఇస్తే ఐదు కుటుంబాలూ సంతోషంగా తీసుకుంటాయి, మీకూ రెండు అద్దెలు.

ప్రాణభయం సంగతి వేరే చెప్పాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట మునిగిన సంగతి మనవైపు పెద్దవాళ్ళెవరూ మర్చిపోలేదు, బోటు అనగానే ముందు అదే గుర్తొస్తుంది. దానికి తోడు లేనియర్‌లో దెయ్యాలున్నాయని, కాళ్ళు పట్టుకుని లాగుతాయని యూట్యూబ్ వీడియోలు. (దెయ్యాలేమీ లేవు. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేయగానే లోతు పడిపోతుంది, అడుగున పాత చెట్ల మోడులున్నాయి, జనం తాగి లైఫ్ జాకెట్ లేకుండా దూకుతారు, అంతే.) అందుకని సేఫ్టీని ఫారం నింపించుకునే తంతులా కాకుండా అమ్మకంలో భాగంగా చూపించాలి. చంటిపిల్లల సైజు నుంచి డబుల్ ఎక్స్‌ఎల్ దాకా శుభ్రంగా ఉతికిన జాకెట్లు, ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి గట్టి రెయిలింగు, నీడ కోసం పెద్ద టాపు, టాయిలెట్ ఎక్కడుందో ముందే చెప్పడం. జార్జియాలో పదమూడేళ్ళలోపు పిల్లలు కదులుతున్న బోటులో లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు మోటారు బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పాసవ్వాలి. తాగి నడిపితే కార్లకి లాగే 0.08 పరిమితి. ఇవన్నీ బుకింగ్ మెసేజ్‌లోనే తేట మాటల్లో పంపించండి, సర్టిఫికెట్ ఫోటో ముందే అడగండి.

నడపడం రాని వాళ్ళకి గంటకింత అని కెప్టెన్‌ని ఇవ్వడం ఇంకో మంచి ఏర్పాటు. చాలామందికి బోటు నడపాలని ఉండదు, టెన్షన్ లేకుండా తిరిగి రావాలని ఉంటుంది. మీకు కూడా ప్రొపెల్లర్లు రాళ్ళకి తగలడం తగ్గుతుంది. ప్రొపెల్లర్ అంటే గుర్తొచ్చింది, డ్యామేజీ డిపాజిట్ ఎంత, దేనికి కోస్తారు అనేది ఫోటోలతో సహా ముందే చూపించకపోతే గూగుల్ రివ్యూల్లో మీ పేరు నాశనమవుతుంది, ఈ తరం బోటు చూసే ముందు రివ్యూ చూస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో జార్జియాలో ఉరుములు, మెరుపులతో వానలు మామూలే కాబట్టి వాన పడితే డబ్బు వెనక్కా, వేరే రోజుకి మార్పా అన్నది ఒక్క వాక్యంలో రాసి పెట్టండి. పొద్దున ఎనిమిదింటి స్లాటుకి కొంచెం తగ్గించి అమ్మండి.

బోట్ క్లబ్: వానకి తడవని రాబడి, జూలై నాలుగుకి తలనొప్పి

క్లబ్ అంటే చేరేటప్పుడు ఒక ఫీజు, తర్వాత నెలనెలా చందా, వాడినప్పుడు పెట్రోలు ఖర్చు. బోట్లన్నీ క్లబ్బువి, రిపేర్లు, కడగడం క్లబ్ పని. ఫ్రీడమ్ బోట్ క్లబ్ 1989లో ఫ్లోరిడాలోని సరసోటాలో మొదలై ఇప్పుడు 400కు పైగా చోట్ల ఉంది. మెర్క్యురీ ఇంజన్లు, సీ రే బోట్లు తయారుచేసే బ్రన్స్‌విక్ కంపెనీ 2019లో దాన్ని కొనేసింది. బోట్లు తయారుచేసి అమ్మే కంపెనీయే గంటలు అమ్మే వ్యాపారంలోకి దిగిందంటే గాలి ఎటు వీస్తోందో అర్థమవుతుంది.

అద్దెతో పోలిస్తే క్లబ్‌లో నాకు నచ్చేది రాబడి నిలకడ. ఒక బోటుకి పదిమంది సభ్యులు, నెలకి 300 డాలర్లనుకుంటే ఏడాదికి బోటుకి 36,000, వాన పడ్డా జనవరి అయినా అదే. వచ్చేవాళ్ళు కూడా శిక్షణ తీసుకుని, అదే బోట్లు మళ్ళీ మళ్ళీ నడిపేవాళ్ళు కాబట్టి డ్యామేజీ తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే ఆ పదిమందికీ మే చివర మెమోరియల్ డే సెలవుల శనివారమే కావాలి. బోటుకి సభ్యుడు ఒక్కడు పెరిగినా లాభమే అనిపిస్తుంది, అలా పెంచుకుంటూ పోయి రెండో ఏడు సభ్యులంతా మానేసిన క్లబ్బుల కథలు ఈ వ్యాపారంలో తరచూ వింటాం. రిటైరైనవాళ్ళు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు కలిసి ఉన్న చోట క్లబ్ బాగా నడుస్తుంది, ఎందుకంటే వాళ్ళు మంగళవారం వస్తారు. అందరూ పిల్లలున్న ఐటీ ఉద్యోగులే అయితే అందరూ శనివారమే వస్తారు, అక్కడ అద్దె బోట్లే మేలు, వీకెండ్‌కి రేటు పెంచే వీలైనా ఉంటుంది.

క్లబ్‌కి మూడు దారులు. సొంతంగా పెట్టుకోవడం, పేరున్న ఫ్రాంచైజీ తీసుకోవడం (సభ్యులు వేరే ఊళ్ళలో కూడా బోటు వాడుకోవచ్చు, అదే పెద్ద ఆకర్షణ), లేదంటే నడిపే అనుభవం ఉన్న క్లబ్‌కి మీ స్లిప్పులు పది పన్నెండు అద్దెకి ఇచ్చేయడం. మొదటిసారి ఈ రంగంలోకి వస్తున్నవాళ్ళకి మూడోదే చెప్తాను. లాభం తక్కువే, కానీ బోట్లు కొనే అప్పు మీ నెత్తిన పడదు, ఏ రోజుల్లో ఎంతమంది వస్తున్నారో మీ కళ్ళముందే కనిపిస్తుంది, ఒప్పందం అయిపోయాక సొంతంగా పెట్టాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

యాప్‌లో పక్కవాళ్ళ బోటు

బోట్‌సెటర్, గెట్‌మైబోట్ లాంటి యాప్‌లలో బోటు యజమాని తన బోటుని ఖాళీ రోజుల్లో అద్దెకి పెడతాడు. సముద్రం ఒడ్డున, ఒప్పుకునే మెరీనాల్లో ఇది బాగానే నడుస్తుంది, స్లిప్పుదారుడికి నాలుగు డబ్బులు వస్తాయి కాబట్టి బోటు అమ్ముకోకుండా ఉంటాడు. కోర్ లేకుల మీద మాత్రం పైన చెప్పిన నిబంధన అడ్డం. స్లిప్పుదారుడు చాటుగా చేస్తుంటే మెరీనా చూసీచూడనట్టు ఊరుకోవడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే ఇబ్బంది వచ్చేది మీ లీజుకి. మామూలు బోటు పాలసీలు డబ్బులు తీసుకుని తిప్పితే సాధారణంగా వర్తించవు, అది కూడా మర్చిపోవద్దు.

డ్రై స్టాక్, ఛార్జింగ్, రెస్టారెంటు

డ్రై స్టాక్ అంటే షెడ్డులో అరల్లో బోట్లు పెట్టి, ఫోన్ చేయగానే ఫోర్క్‌లిఫ్ట్‌తో దించి నీళ్ళలో పెట్టడం. బోటు అడుగున నాచు పట్టదు, తుఫానుకి దెబ్బ తినదు, కస్టమర్‌కి వచ్చేసరికి బోటు సిద్ధంగా ఉంటుంది, ఈ చివరిది కొత్త తరానికి బాగా నచ్చుతుంది. కానీ షెడ్డు, ఫోర్క్‌లిఫ్ట్, దాన్ని నడిపే నిపుణుడు, ఇవన్నీ భారీ పెట్టుబడి, పైగా ఒడ్డు ప్రభుత్వానిదైతే కట్టడానికి అనుమతి. శనివారం పొద్దున పదింటికి నలభైమంది ఒకేసారి దించమంటే ఒక్క ఫోర్క్‌లిఫ్ట్ ఏం చేస్తుంది? స్థలం ఉండి, చుట్టూ ట్రైలర్లు పెట్టుకోనివ్వని హెచ్‌ఓఏలు (ఇళ్ళ యజమానుల సంఘాలు) ఉంటే ఆలోచించండి, లేకపోతే దాటేయండి.

ఎలక్ట్రిక్ బోట్ల ఛార్జర్లు ఇప్పుడే పెట్టక్కర్లేదు. డాక్ ఎలాగూ మార్పిస్తున్నప్పుడు వైరు వేసుకోవడానికి ఖాళీ గొట్టాలు మాత్రం పెట్టించండి, తర్వాత తవ్వే ఖర్చు తప్పుతుంది.

రెస్టారెంటు, లైవ్ మ్యూజిక్, పెళ్ళి ఫోటోల డెక్కు, వీటి గురించి అందరూ ఉత్సాహంగా చెప్తారు. జనం వస్తారు, నిజమే. వాళ్ళకి బోటు ఉండదు, పార్కింగ్ మాత్రం కావాలి, శనివారం సాయంత్రం మీ స్లిప్పుదారుడు తన బోటు దగ్గరికి చేరడానికి పావుగంట నడవాల్సి వస్తే వచ్చే ఏడాది వేరే చోటికి వెళ్ళిపోతాడు. ఇంతకన్నా పెద్ద విషయం ఒకటి ఉంది, బ్రోషర్లలో ఎవరూ రాయరు. మంచినీటి మెరీనాలో డాక్ వైరింగులో గానీ, ప్లగ్గు పెట్టిన ఏ బోటులో గానీ కరెంటు నీళ్ళలోకి లీకయితే, మంచినీళ్ళకన్నా మనిషి ఒళ్ళు కరెంటుని బాగా మోస్తుంది కాబట్టి అది ఈత కొట్టేవాళ్ళ శరీరం గుండా పోతుంది, కండరాలు బిగుసుకుని మనిషి మునిగిపోతాడు, పైకి ఏ గుర్తూ కనిపించదు. ఉప్పునీటిలో ఈ ప్రమాదం చాలా తక్కువ. పాత స్లిప్పుదారులకి ఈ సంగతి తెలుసు, డాక్ దగ్గర దూకరు. ఐస్‌క్రీమ్ తినడానికి వచ్చిన కుటుంబంలో పదేళ్ళ పిల్లాడికి తెలియదు, వాడికి నీళ్ళు కనిపిస్తే దూకాలనిపిస్తుంది. కాబట్టి బోటు లేని జనాన్ని పిలవాలనుకుంటే, రెస్టారెంటు కప్పు గురించి మాట్లాడేముందు డాకుల వైరింగు మొత్తం తనిఖీ చేయించి, గ్రౌండ్ ఫాల్ట్ రక్షణ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే ఏర్పాటు) పెట్టించి, దూకొద్దని గట్టి బోర్డులతో పాటు మనుషుల్ని కూడా పెట్టండి. ఆ ఖర్చు లెక్కలో వేసుకున్నాక కూడా లాభం కనిపిస్తే వంట తెలిసినవాళ్ళకి స్థలం లీజుకి ఇవ్వండి, వంటగది మీరు నడపొద్దు.

బుకింగ్ సంగతి

ఇది ఏ దారి ఎంచుకున్నా తప్పదు, ఖర్చు కూడా అన్నిటికన్నా తక్కువ. రేటు తెలుసుకోవడానికి ఫోన్ చేయమనే మెరీనాని నలభై ఏళ్ళ లోపు వాళ్ళు పక్కన పెట్టేస్తారు. డాక్వా, స్నాగ్ ఎ స్లిప్ లాంటి బుకింగ్ సైట్లలో ఒక రాత్రికి స్లిప్పు హోటల్ గది లాగే బుక్కవుతోంది. ధర, ఖాళీ, ఫోటో, పన్నులతో సహా మొత్తం ఎంత అనేవి ఫోన్‌లో కనిపించాలి, చెల్లింపు అక్కడే అయిపోవాలి, ఐదు కుటుంబాలు వంతులు పంచుకునే వీలుంటే ఇంకా మంచిది. పాత స్లిప్పుదారులకి మాత్రం కౌంటర్ దగ్గర పేరు పెట్టి పలకరించే మనిషిని తీసేయకండి. డెబ్భై ఏళ్ళాయన యాప్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయి అద్దె ఆలస్యమైతే ఆయన తప్పు కాదు.

ఇండియాలో మెరీనా పెడితే ఎలా ఉంటుందని అడిగేవాళ్ళకి ఒక మాట. కొచ్చిలో బోల్గాటి దగ్గర కేరళ పర్యాటక సంస్థ కేటీడీసీ మెరీనా ఉంది గానీ, మన దేశంలో సొంత బోట్ల తరం ఇంకా రానేలేదు, స్లిప్పుల అద్దెని నమ్ముకుంటే కష్టం. హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం దాకా టికెట్ కొని వెళ్ళేవాళ్ళని చూస్తే మనవాళ్ళు నేరుగా గంటల బేరంతోనే మొదలుపెట్టారని తెలుస్తుంది. విశాఖలో అయినా భవానీ ద్వీపం దగ్గరైనా ఎవరైనా అడిగితే నడిపే మనిషితో సహా అద్దె బోట్లు, శిక్షణ, ఆ రెండే చెప్తాను.

మీ పరిస్థితికి ఏది

స్లిప్పులు నిండుగా ఉండి ఒడ్డున స్థలం లేకపోతే, ఖాళీ అయినప్పుడల్లా ఒక్కొక్క స్లిప్పుని అద్దె బోటుకి మార్చుకుంటూ పదో వంతు దగ్గర ఆపి చూడండి. నాలుగో వంతు స్లిప్పులు ఖాళీగా ఉంటే అది తరం మార్పు అని సరిపెట్టుకోకుండా ముందు డాకులు ఎలా ఉన్నాయో, వెడల్పు ఎంతో, పక్క మెరీనా రేటు ఎంతో చూడండి, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. తర్వాత ఆ ఖాళీల్ని క్లబ్‌కి ఇవ్వండి. మీలో ఒక్కరైనా వేసవి అంతా అక్కడ నిలబడలేకపోతే అద్దె బోట్లు పెట్టొద్దు, దూరం నుంచి ఫోన్‌లో నడిపే వ్యాపారం కాదది. వీసా మీద ఉద్యోగం చేస్తూ పెట్టుబడి మాత్రమే పెట్టాలనుకునేవాళ్ళకి స్లిప్పులు, క్లబ్‌కి ఇచ్చిన లీజు, ఈ రెండే నప్పుతాయి, అది కూడా లాయర్‌ని అడిగాక.

సంతకం పెట్టేముందు రెండు కాగితాలు అడగండి. ఒకటి కోర్‌తో ఉన్న లీజు: ఇంకా ఎన్నేళ్ళుంది, చేతులు మారడానికి వాళ్ళ ఒప్పుకోలు ఎలా తీసుకోవాలి, కట్టాల్సిన అద్దె రాబడిని బట్టి ఎలా మారుతుంది, అద్దె బోట్లు, క్లబ్, తిండి అమ్మకం ఇందులో వేటికి అనుమతి ఉంది. మీరు కొనేది నేల కాదు, ఆ కాగితంలో మిగిలిన ఏళ్ళు. రెండోది 2007 కరువు నాటి ఫోటోలు. లేనియర్ నిండు మట్టం 1,071 అడుగులు, ఆ ఏడాది డిసెంబరు చివరికి 1,051 కన్నా కిందికి దిగింది, ఇరవై అడుగుల నీళ్ళు మాయం. అప్పుడు ఆ మెరీనాలో ఎన్ని స్లిప్పులు బురదలో కూర్చున్నాయి, డాకుల్ని ఎంత దూరం లోపలికి లాగాల్సి వచ్చింది, పెట్రోలు పంపు పనిచేసిందా అని అడగండి. అప్పటికి నేను లేను అని అమ్మేవాళ్ళు అంటే, ఆ మెరీనాలో అందరికన్నా పాత స్లిప్పుదారుడు ఎవరో కనుక్కుని ఆయన్ని అడగండి.